శౌరమ్మ గారి ఫిర్యాదులో కామన్ తీయుట

మానవజాతి బాధలకు అసలు కారణం బాధలు కావనీ, వాటిని ఎవరికి వారు విడివిడిగా రాసుకోవడమేననీ బెజవాడలోని ఒక కార్యాలయం ఇటీవల కనిపెట్టింది. దాని పేరు ఫిర్యాదుల సరళీకరణ విభాగం. (వెతక్కండి, బోర్డు ఇంకా పెయింటరు దగ్గరే ఉంది.)

విభాగాధిపతి వెంకటకృష్ణారావు గారు ఉద్యోగంలో చేరకముందు ట్యుటోరియల్లో లెక్కలు చెప్పారు. ఆ లెక్కలు ఆయన్ని వదల్లేదు, ఆయన మమ్మల్ని వదల్లేదు. ఆయన జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం ఒక వీధి నుంచి వచ్చిన ఫిర్యాదులన్నీ కలిపి ఒక బహుపది. ఒక్కో ఇంటిది ఒక్కో పదం. అన్నిటిలోనూ ఉన్నదాన్ని, అందులోనూ ఎంత పెద్దది దొరికితే అంత పెద్దదాన్ని, కామన్ తీసి బ్రాకెట్ బయట పెట్టాలి. లోపల మిగిలినవి ఆయా సెక్షన్లకు వెళ్లాలి. బయట పెట్టినదాన్ని ఏం చేయాలో సర్క్యులర్లో లేదు. (రెండో పేజీ ఒకటి ఉండేదనీ, జిరాక్స్‌లో రాలేదనీ వినికిడి.)

గుణదల కొండ మీద మెట్ల వెంబడి ఉన్న మా ఇళ్ల వరస నుంచి మూడు ఫిర్యాదులు వెళ్లాయి. మరియదాసు గారు నీళ్లు రావట్లేదని, మెట్ల లైటు వెలగట్లేదని రాశారు. నాగవేణి గారు నీళ్లు రావట్లేదని, కుక్కలు వెంటపడుతున్నాయని రాశారు. శౌరమ్మ గారు నీళ్లు రావట్లేదని మాత్రం రాసి సంతకం పెట్టారు. ఆవిడకి డెబ్బై ఏళ్లు. కింద ట్యాంకరు దగ్గర బిందె నింపుకుని తొంభై రెండు మెట్లు ఎక్కుతారు, మధ్యలో మూడుసార్లు కూర్చుంటారు. అయితే ఫారంలో మోకాళ్లకు గడి లేదు.

విభాగం వారు ఆ మూడింటినీ ఒక్క పూటలో సరళీకరించారు:

నీళ్లు (లైటు + కుక్కలు)

లైటు నాలుగో రోజుకే వెలిగింది. కుక్కల సెక్షన్ వారు వచ్చి కుక్కల్ని లెక్కపెట్టుకుని వెళ్లారు. (కుక్కలు మెట్ల కిందిదాకా సాగనంపాయి.) శౌరమ్మ గారి ఫోనుకు మాత్రం మెసేజీ వచ్చింది: "మీ ఫిర్యాదు మొత్తం బయటకు తీయబడినందున లోపల ఏమీ మిగలలేదు. సహకరించినందుకు ధన్యవాదాలు."

ఆవిడ మనవరాలు కృప పటమటలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆ మెసేజీ చదివేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు బడికి సెలవు పెట్టి అమ్మమ్మనీ, పొరుగింటివాళ్లం కదాని నన్నూ వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"సార్, పదం మొత్తం కామన్‌గా బయటికెళ్తే లోపల ఒకటి మిగలాలండీ. మా పిల్లలు ఇట్టా వదిలేస్తే మార్కు కట్ చేస్తాను."

"మా దగ్గర సాఫ్ట్‌వేరు చేస్తుందమ్మా," అన్నారు వెంకటకృష్ణారావు గారు.

"తిరిగి గుణించి చూడండి. రెండిళ్ల నీళ్లే వస్తాయి. మా అమ్మమ్మ ఏదండీ?"

శౌరమ్మ గారు పక్కనే కుర్చీలో ఉన్నారు. ఆయన మాత్రం ఆవిడని చూడకుండా ఫైలు వెనక పెన్సిలుతో గుణించారు, తర్వాత క్యాలిక్యులేటర్ మీద గుణించారు. రెండుసార్లూ రెండిళ్లే వచ్చాయి.

"పొరపాటేనమ్మా. ఒకటి మర్చిపోవద్దు, మర్చిపోవద్దని పిల్లలకి నేనే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేవాణ్ణి," అని లేచి నిలబడి మరీ సవరించారు.

నీళ్లు (లైటు + కుక్కలు + 1)

మా వరసంతా సంబరపడింది. మరియదాసు గారు స్వీట్లు పంచారు. ఆ వారంలోనే 1ని పరిశీలించడానికి ఇద్దరు ఉద్యోగులు తొంభై రెండు మెట్లూ ఎక్కి వచ్చారు. శౌరమ్మ గారిని చూసి, ఒక్కరే ఉన్నారని నిర్ధారించుకుని, గుమ్మంలో ఫోటో తీసుకున్నారు. తాగడానికి నీళ్లడిగితే ఆవిడ బిందెలోంచి చెరో గ్లాసు ఇచ్చారు. సాయంత్రానికి ఫిర్యాదు పరిష్కారమైనట్టు మెసేజీ వచ్చింది.

మర్నాడు ఆవిడ బిందె పక్కన పెట్టుకుని మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటూ ఉండగా ఫోను మోగింది.

"నమస్తే అండీ, ఫిర్యాదుల విభాగం నుంచండీ. మీ సమస్య తీరిందాండీ?"

"నీళ్లు రాలేదమ్మా," అన్నారు శౌరమ్మ గారు.

"నీళ్లు అందరి సమస్యండీ," అంది ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా. "మీ సమస్య ఏదన్నా ఉంటే చెప్పండి."