నతానియేలు మాస్టారి అరికాలి శల్యం

రోగిని ముట్టుకోకుండా వైద్యం చేయడమంత గొప్ప మర్యాద ఇంకొకటి లేదు! నమ్మకపోతే ఆళ్లగడ్డ నతానియేలు మాస్టారి సంగతి వినండి.

మాస్టారు ముప్పై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. 'శల్యం' అన్న మాట వస్తే చాలు, పాఠం పక్కన పెట్టేసేవారు. "ఒంట్లో దిగబడి బాధపెట్టేదంతా శల్యమేరా! బాణం ములికి, ఇనుప ముక్క, ఆఖరికి ముల్లు గూడా. దాన్ని బయటికి తీసే విద్య శల్యతంత్రం. మన పాత సర్జరీ అదే!"

అంతటి మనిషికి పోయిన నెల పెరట్లో కంపముల్లు అరికాల్లో, వేళ్ల మొదట్లో విరిగింది. భార్య లూదియమ్మ చెల్లెలిని చూడ్డానికి కోయిలకుంట్ల వెళ్లింది. ఇంట్లో మిగిలింది బావమరిది రూబెన్.

"షుగరుండే మనిషివి బావా! ముల్లే గదా అనుకుంటాండావా? మా ఫ్రెండుకు ఇట్లనే మోకాలి దాకా తీసేసిరి" అని ధైర్యం చెప్పి, నంద్యాలలో కొత్తగా వెలిసిన ఓ అద్దాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. శల్యసారథ్యానికి ఇంత చక్కటి ఉదాహరణ మాస్టారు క్లాసులో ఏనాడూ చెప్పలేకపోయారు!

డాక్టరు రాజశేఖర్ ఎంత సంస్కారవంతుడంటే, పెద్దాయన కాలివైపు కన్నెత్తి చూడలేదు. కంప్యూటర్ వైపు చూస్తూనే ఎక్స్‌రే రాశారు. అందులో ముల్లు కనబడలేదు. స్కానింగ్ రాశారు. తర్వాత రక్తం, గుండె, కళ్లు! శల్యపరీక్ష అంటే మరేమిటి?

మాస్టారు ఉండబట్టలేక, "పాతకాలం వైద్యులు కాలికి గంధం పూసేవాళ్లంట సార్. యాడ బేగా ఆరితే ఆడ శల్యం ఉన్నట్టు" అన్నారు.

డాక్టరు మొదటిసారి తలెత్తి రోగి మొహం చూశారు. మెదడుకు కూడా స్కానింగ్ రాశారు.

ఒక పరీక్షకు పరగడుపు. ఇంకోదానికి మంచినీళ్లు కూడా కూడదు. వార్డులో పడుకోబెట్టిన మూడు రోజులకు మాస్టారు చిక్కి శల్యమైపోయారు. ఒక్క మాటకున్న అర్థాలన్నీ ఇలా ఒంటికి పట్టించే నిఘంటువు ఇంకెక్కడైనా దొరుకుతుందా?

మూడోరోజు సాయంత్రం డాక్టరు ఫైలు చూస్తూ, "వాపు తగ్గట్లేదు. వేలు తీసేయాల్సి రావచ్చు. రేపు చూద్దాం" అని వెళ్లిపోయారు.

"ఒక్క వేలే గదా బావా! ఇంకా తొమ్మిదుంటాయిలే" అని రూబెన్ ఓదార్చాడు.

మాస్టారు దుప్పటి తొలగించి, కాలివేళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు.

పక్కింటివాళ్ల ద్వారా సంగతి తెలిసి, మరునాడు పొద్దున్నే బస్సు దిగి లూదియమ్మ నేరుగా ఆసుపత్రికి వచ్చింది. "ముల్లు ఇరిగితే నాకు ఫోన్ చేయకుండా ఈడికొస్తిరా?" అంటూ మంచం మీద కూర్చుని, ఆయన పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలితో అక్కడక్కడా నొక్కింది. ఒకచోట మాస్టారు కెవ్వుమన్నారు.

"ఈడనే ఉండాది."

నర్సు ఎలిజబెత్ అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసి, స్పిరిట్ తెచ్చిచ్చింది. లూదియమ్మ చీర పిన్నీసు తీసి తుడిచింది. రెండు నిమిషాల్లో గోరంత ముల్లు, దాని వెనకాలే చీము బయటికొచ్చాయి. మాస్టారు కళ్లు మూసుకుని "స్తోత్రం" అన్నారు.

డాక్టరు వచ్చి, దూదిమీది ముల్లును చూసి, ఫైలు మొత్తం తిరగేశారు.

"ఇది రిపోర్టుల్లో ఎక్కడా లేదే! ఏ మిషన్‌తో కనుక్కున్నారమ్మా?"

ఆయన ఎగతాళి చేస్తున్నారో, నిజంగానే అడుగుతున్నారో లూదియమ్మకు అర్థం కాలేదు.

"కాలు పట్టుకోని చూసినా సార్" అంది.