నడిచే ఆఫీసు

కొండలూ వాగులూ కలుపుకొని, ఈ చివర కూసిన కోడి ఆ చివర వినబడనంత పెద్ద అడవి ఒకటుండేది. అడవికి తగ్గట్టే అందులో పథకాలూ పెద్దవే. వాటిలో ముఖ్యమైంది వేసవి మేత. ఎండలకి గడ్డి మాడిపోయినప్పుడు లేనివాళ్లకి పెట్టాలని, కొండ మీది గుహలో ఇప్పపూలూ, దుంపలూ, ఎండుగడ్డీ దాచి ఉంచేవారు.

దాచడం వరకూ పథకం బ్రహ్మాండంగా నడిచేది.

తీసుకోవాల్సినవాళ్లకి మాత్రం ఆ సంగతే తెలియదు. ఎవరైనా ఆ నోటా ఈ నోటా విని కొండెక్కితే, సంక్షేమాధికారి పానకాలు "ఇవాళ కాదమ్మా, రేపు రా" అనేవాడు. మర్నాడు వస్తే "నిన్ననే రావాల్సింది" అనేవాడు. ఈ పానకాలు ఒక నక్క. గిడ్డంగి కాపలాదారు గవరయ్య ఎలుగుబంటి. సరుకు నాణ్యత పరీక్షించే బాధ్యత కూడా ఆయనదే. పొద్దున్నే ఒకసారి, అన్నాల వేళకి ఒకసారి, ఏమీ తోచకపోతే మరోసారి పరీక్షించేవాడు. తొలకరి పడితే పథకం గడువు అయిపోయినట్టే. మిగిలిన మేత "ఆఫీసు ఖర్చుల" కింద ఇద్దరూ పంచుకునేవారు.

ఒకనాడు మృగరాజు పానకాల్ని పిలిపించాడు.

"ఏమయ్యా, నిన్న నేను పట్టిన దుప్పిలో ఎముకలు తప్ప ఏమీ లేవు. మన మేత ఎవరికీ అందట్లేదా?"

"మన అడవిలో పేదలే లేరు ప్రభూ. అందుకే ఎవరూ అడగట్లేదు."

"మరి నా పళ్లెందుకు నొప్పెడుతున్నాయి?"

రాజుగారి పంటినొప్పిని మించిన ప్రజాసమస్య ఎక్కడుంటుంది? ఆ పూటే సంచార సహాయ సేవ పుట్టింది. ఇకమీదట ఆఫీసే చెట్టు చెట్టుకీ, పుట్ట పుట్టకీ తిరగాలి. లేనివాళ్లని వెతికి, నుదుట ఎర్రమట్టి బొట్టు పెట్టాలి. బొట్టున్నవాళ్లకి మేత. మేత తినడానికి కొండెక్కినవాళ్ల మీద వేట నిషేధం.

పానకాలు దానికి తనవంతుగా ఒక చిన్న నిబంధన చేర్చాడు. "లబ్ధిదారులు వాళ్లంతట వాళ్లు రాకూడదు. ఆఫీసే వెంటబెట్టుకుని తీసుకురావాలి."

ఉద్యోగానికి చిరుత వచ్చింది. డేగ వచ్చింది. కుందేళ్లు గుంపుగా వచ్చాయి. వాళ్లందరినీ కాదని పానకాలు నాంచారమ్మ అనే తాబేలుని పిలిపించాడు.

"అనుభవం ఉంది, నిదానం ఉంది. సొంతిల్లు వెంటే ఉంది కాబట్టి అద్దె కూడా ఇవ్వక్కర్లేదు. ఇంతకంటే అర్హత ఏం కావాలి?" అని సభలో పొగిడాడు.

నాంచారమ్మని ఆ వయసుదాకా ఎవరూ ఏ పనికీ పిలిచింది లేదు. "నేనున్నానని గుర్తించారు, అదే పదివేలు" అనుకుంది. మెడ సాచగలిగినంతా సాచి దండం పెట్టింది. చాటింపు వేయడానికి సుగుణ అనే చిలకని తోడిచ్చి పంపారు.

మొదటి మకాం కొండకి కొంత దూరాన పైడమ్మ దగ్గర. పైడమ్మ కుంటి జింక. పక్కన దాని కూన ఉత్త బండరాయిని నాకుతోంది.

"పాలు ఎండిపోయినాయమ్మా. రాయి చల్లగా ఉంటదని నాకుతాంది" అంది పైడమ్మ.

నాంచారమ్మ పథకం సంగతంతా చెప్పింది.

"అయ్యన్నీ పెద్దోళ్లకి గానీ మాకెందుకు ఇస్తారు?"

"లేనోళ్లకేనంట తల్లీ."

"లేకపోయినా ఇస్తారా?" పైడమ్మకి నమ్మకం కుదరలేదు. మళ్లీ అడిగింది. నాంచారమ్మ మళ్లీ చెప్పింది. ఎలాగూ ఆమెకి తొందర లేదు.

ఆ పక్క చెట్టు కింద ఎర్రన్న అనే ముసలి కొండముచ్చు ఉన్నాడు. రెండు కళ్లూ కనబడవు, చేతుల్లో సత్తువ మాత్రం పోలేదు. బొట్టు మాట వినగానే ఎగిరిపడ్డాడు.

"మేతంటారు, బొట్టంటారు. బొట్టు పెట్టాక ఏం చేస్తారో నాకు తెలీదా? నేనేమన్నా మేకపోతునా?"

నాంచారమ్మ నవ్వి, ముందు తన డిప్ప మీదే పెద్ద బొట్టు పెట్టుకుని ఎర్రన్న చేత తడిమించింది. అప్పటికి ఆయన నుదురు చాపాడు.

మధ్యాహ్నం అందరూ నీడన కూర్చున్నారు. సుగుణ కొమ్మ మీద చాటింపు వల్లె వేసుకుంటోంది. "రండి బాబూ రండి, వేసవి మేత!" ఉన్నట్టుండి దాని గొంతు మారింది. అచ్చం పానకాలు గొంతు.

"తాబేలు తిరిగొచ్చేసరికి తొలకరి పడుతుందయ్యా గవరయ్యా! తొలకరి పడితే గడువు గోవిందా. ఎందుకు అందలేదని రాజుగారు అడిగితే, ఆఫీసు దార్లో ఉందని చెబుదాం!"

నాంచారమ్మ తల లోపలికి లాక్కుంది. కాళ్లూ లాక్కుంది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. తనని గుర్తించిన మాట నిజమే, ఎందుకు గుర్తించారో ఇప్పుడు తెలిసింది. తిరిగి తన గుంటలోకి పోయి పడుకుందామనిపించింది. చీకటి డిప్పలో ఆమెకి ఒకటే చప్పుడు వినిపిస్తోంది. కూన రాయిని నాకుతున్న చప్పుడు.

తల బయటపెట్టింది.

"సుగుణా, నేను చెప్పే ముక్క అడవంతా తిరిగి చెప్పగలవా?"

"విన్నదే చెప్పగలను అత్తా. సొంతంగా ఒక్క మాటా రాదు."

"అది చాలు. లేనోళ్లని ఆఫీసు కొండకి పోయే దారిలో కలవమను. నేనిప్పుడే వెనక్కి తిరుగుతున్నా."

సుగుణ ఎగిరిపోయింది. నాంచారమ్మ కొండ వైపు నడక మొదలుపెట్టింది. వెనక పైడమ్మ, కూన, ఎర్రన్న. మలుపు మలుపుకీ ఎవరో ఒకరు కలిశారు. నిండు చూలాలైన కుందేలు, రెక్క విరిగిన నెమలి, బక్కచిక్కిన పందులు. బొట్టు పెట్టించుకుని వరసలో చేరారు. చిరుత వెంట అయితే వాళ్లలో ఒక్కరూ నడవలేకపోదురు. నాంచారమ్మ వెంట అందరూ నడవగలిగారు.

"కాస్త జోరుగా నడవొచ్చుగా అత్తా?" అంది ఒక పంది.

"నీలో జోరే ఉంటే ఈ మేత ఎందుకు నాయనా?" అంది నాంచారమ్మ.

కొండ మొదటికి చేరేసరికి పడమట మబ్బు పట్టింది. ముందు నిటారుగా రాళ్లు. నాంచారమ్మ ఎక్కబోయి జారింది, మళ్లీ ఎక్కబోయి వెల్లకిలా పడింది. దూరాన ఉరిమింది. అప్పుడు ఎర్రన్న తడుముకుంటూ వచ్చి ఆమెను ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "కుడికి... ఇప్పుడు ఎడమకి తాతా" అని పైడమ్మ దారి చెప్పింది. అలా ఆ అడవిలో మొదటిసారి ఆఫీసు జనం దగ్గర్నుంచి బయల్దేరి, జనం నెత్తి మీద కొండెక్కింది.

పైన పానకాలు మబ్బు వంక ఆశగా చూస్తున్నాడు. కిందికి చూసేసరికి బొట్ల వరస. దాని చివర కనబడటం లేదు. ఆ గోలకి మృగరాజు కూడా తన గుహలోంచి బయటికొచ్చాడు.

"ఓహో! ఇంత తొందరగానా! ఈ తాబేల్ని ఎంపిక చేసింది నువ్వేనా పానకాలూ?"

కాదంటే, మరి సభలో పొగిడిందెవరని అడుగుతారు. ఔనంటే మేత పోతుంది.

"నేనే ప్రభూ," అన్నాడు ఏడుపు మింగి.

అడవంతా చుట్టి వచ్చిన సుగుణ అప్పటికే గొంతు సవరించుకుంటోంది. నాంచారమ్మ దాని వైపు తిరిగి గుసగుసగా అంది. "ఇప్పుడొద్దే తల్లీ. ఇప్పుడు చెబితే విచారణ అంటారు, విచారణ అంటే గిడ్డంగికి బండ అడ్డం పెడతారు. ముందు పిల్లల్ని తిననీ."

"నీ ఘనత నీ చేతులతోనే పంచు" అని రాజు పానకాల్ని ఆజ్ఞాపించాడు.

గుహ దగ్గర చిన్న చిక్కొచ్చింది. నాణ్యత పరీక్షించీ పరీక్షించీ ఒళ్లు చేసిన గవరయ్య గుహ వాకిట్లో ఇరుక్కుపోయాడు. లబ్ధిదారులంతా కలిసి లాగారు. ఆ గిడ్డంగి నుంచి పేదల చేతికందిన మొట్టమొదటి సరుకు గవరయ్యే.

లోపల సగమే మిగిలింది. అయినా అందరి ప్రాణాలూ నిలబడ్డాయి. పైడమ్మ కూన ఇప్పపూలు ఎలా తినాలో తెలియక ముందు నాకి చూసింది. తరవాత ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. నాంచారమ్మ తనకిచ్చిన దుంప ముక్క కూడా కొరకకుండా ఆ కూననే చూస్తూ కూర్చుంది.

ఆఖరి పంది మూతి తుడుచుకున్నాక, "ఇక చెప్పుకోవే సుగుణా" అంది.

సుగుణ చెప్పింది, గొంతుతో సహా. మృగరాజు పంటినొప్పి మర్చిపోయి మొత్తం విన్నాడు. పానకాల్ని నాంచారమ్మకి సహాయకుడిగా బదిలీ చేశాడు. ఆమె కంటే ఒక్క అడుగు ముందుకేసినా ఉద్యోగం ఊడుతుందన్నాడు. అంతలో తొలకరి పడింది. పానకాలు ఆ వానలో తాబేలు వెనక, కాలు ఎత్తి, దాన్ని దించే సమయం కోసం ఎదురు చూస్తూ కొండ దిగాడు.

ఆ అడవి అధికారులందరూ దీన్నుంచి నేర్చుకున్న నీతి ఒకటే: పని జరగకూడదనుకుంటే నిదానస్తుల జోలికి పోకూడదు, మహా తొందరలో ఉన్నవాళ్లకి అప్పగించాలి.