జానెడు పచ్చితోలు యుద్ధం

నిజాం దొరతనము పల్లెపల్లెన నాలుక చాచి గింజలు నాకుచున్న ఆ పాడుకాలమున, చిట్యాల దాపున ఒకానొక ఊరియందు, రాళ్లు పగిలెడి మిట్టమధ్యాహ్నమున, గడి జవాను ఎల్లస్వామి, నిరాయుధజనపృష్ఠవిదారణధురంధరుడు, తన తుపాకి నొడిలో పెట్టుకొని విలపించుచుండెను.

ఏమయ్యెనయ్యా అనగా, లెవీ ధాన్యము దాచినావని జానమ్మ మీదికి తుపాకి మడమ ఎత్తెను. ఆమె వంగెను. మడమ రోటికి తగిలి నిలువునా చీలెను! సాయంత్రము దొర చిట్యాల క్యాంపుకు కదులును. తుపాకి చెడగొట్టిన జవాను దొర మూట మోయవలెనని గడి శాసనము. ఎల్లస్వామి జన్మలో తన మూట తాను మోసినవాడు కాడు.

ఊరిలో తోలుపని తెలిసినవాడు ఒక్కడే, ఆ జానమ్మ పెనిమిటి పోచయ్య. అతడు తడిసిన పచ్చితోలు వారును చీలిక చుట్టూ బిగించి, తుపాకిని బండమీద ఎండబెట్టెను.

"ఎండితె ఉడుం పట్టు పడ్తది సాబ్. గని నీడ పడొద్దు. పొద్దు వాలెదాంక ముట్టొద్దు."

అంతట పచ్చితోలు గంధమునకు నాసికాపుటములు విప్పార్చి, తోకతెగిన నల్లకుక్క రణరంగము జొచ్చెను. జవాను దగ్గర నిలిచినచో నీడ పడును. దూరము జరిగినచో కుక్క వచ్చును!

"ఓరి శునకాధమా! సర్కారు ఆయుధమిది! నా మీసం జూసి వణకని ఊరున్నదా? తొలగు, లేకుంటె కాల్చి పారేస్త!"

"దేంతోని కాలుస్తవ్ సాబ్?" అన్నది గడపలోని జానమ్మ. "తుపాకి పండుకున్నది గద!"

"పోచయ్యా, కుక్కను కొట్టురా!"

"గడి పనులన్ని జేసినం. కుక్కను కొట్టుడు వెట్టిల లేదు సాబ్."

ఊరంతయు అరుగులెక్కి చూచుచుండ, తోలువారు ఒక కొస కుక్క కోరలయందు, మరియొక కొస జవాను పిడికిటియందు, రుమాలు రాలి, చెప్పు తెగి, దుమ్ము మింటినంట, బండచుట్టు ఇరువురు ముమ్మారు తిరిగి తిరిగి గుంజులాడగా, చుట్లన్నియు వీడి, మడమ రెండు చెక్కలై కూలెను. తోలువారు ఫట్టున తెగెను. పెద్దముక్క కుక్కకు. జానెడు ముక్క జవానుకు.

గడి నుండి దొర కేక వినవచ్చెను.

"కుక్క మీద గెలిచినవ్ గద," అన్నది జానమ్మ. "ఇగ పో సాబ్, మూట ఎత్తుకో."

నెత్తిన మూటతో, తెగిన చెప్పుతో, ఎల్లస్వామి చిట్యాల బాట పట్టెను. జయము! జయము! బెదిరించి దోచినది కాక, గడి సైన్యము ఆ ఊరిలో పోరాడి గెలుచుకొన్నది అదొక్కటే: జానెడు తోలు, అదియు కుక్క నమిలినది.