గీత దాటని బండి

ఆ పొద్దున లెక్చరర్ నాగసతీష్ కోరుకున్నది ఒక్కటే. డ్రైవరు లేని తన బ్యాటరీ బండి కాలేజీ గేటు దగ్గర బయలుదేరి, తారు మీద తను గీసిన సున్నపు గీత వెంట నడిచి, గీత అయిపోయిన చోట, అంటే వేదిక ముందు, బుద్ధిగా ఆగాలి. తెల్ల గీత ఎటు పోతే అటు తిరిగేలా దానికి రెండు సెన్సర్లు బిగించాడు. అది రెండు వేల మూడో సంవత్సరం. కొత్తపేట దగ్గరి ఆ పాలిటెక్నిక్‌లో అలాంటి బండి గురించి విన్నవాళ్లే లేరు.

ప్రిన్సిపాల్ కామరాజు గారు ముందే చెప్పేశారు. "తనిఖీకొచ్చే కమిటీ వారి ముందు ఇది నడవకపోతే మీ ల్యాబు సైకిల్ స్టాండు చేసేస్తానండి సతీష్ గారూ. ఏమనుకోకండి."

బండి మీద పూలదండ, కొబ్బరిబోండాలు సర్దారు. కమిటీ కారు దిగింది. సతీష్ మీట నొక్కాక గానీ గేటు ముందున్న పద్మం ముగ్గు చూడలేదు. అదీ తెల్లదే!

"వీర్రాజూ, ఇదేంటయ్యా?"

"ముగ్గండి మేస్టారూ," అన్నాడు అటెండరు వీర్రాజు. "పెద్దోళ్లొస్తున్నారు కదాండి, మా ఆవిడ చేత పెట్టించేను. రోడ్డు వారన సున్నం కూడా ఏసేసేనండి. ప్రిన్సిపాల్ గారింటి దాకా! భోజనాలక్కడే కదాండి, దారి అడిగే పని లేకుండా."

"ఓరి నాయనోయ్!"

బండి పద్మం చుట్టూ తిరగడం మొదలెట్టింది. తిరిగింది, మళ్లీ తిరిగింది. కమిటీ పెద్దాయన చెప్పులు విప్పి చేతులు జోడించారు.

"ప్రదక్షిణం కూడా చేస్తుందండీ?"

"ఆయ్," అన్నారు కామరాజు గారు, ఏమీ తెలియకుండానే.

పద్మం చివరి రేకు వీర్రాజు గీతకి తగులుతోంది. బండి అది పట్టుకుని రోడ్డెక్కింది. ఆపుదామంటే, గుండ్రంగా తిరిగేటప్పుడు దొర్లిన బోండాలు మీటని కప్పేశాయి. సతీష్ పరిగెత్తబోతే కామరాజు గారు చెయ్యి పట్టుకున్నారు.

"ఉండండి బాబూ! ఆయన ముచ్చటపడుతున్నారు."

కమిటీ బండి వెనకాల నడిచింది. మనిషి లేకుండా పూలదండ వేసుకుని బండి వస్తుంటే ఏ దేవుడి ఊరేగింపో అనుకుని వీధిలో జనం కలిశారు. ఎవరో కర్పూరం వెలిగించారు. రాజోలు బస్సు ఆగిపోయింది. సతీష్ కంటికి మాత్రం అన్నీ సైకిళ్లే కనిపిస్తున్నాయి.

గీత అయిపోయింది. బండి సరిగ్గా ప్రిన్సిపాల్ గారి గుమ్మం ముందు ఆగింది. ఆయన భార్య సూర్యావతి గారు గరిటెతో బయటికొచ్చి బండినీ, జనాన్నీ చూసి నోరు తెరిచారు.

"అయ్యో రామా, ఇంకా అన్నమైనా వార్చలేదండీ! వచ్చేశారేంటండీ?"

పెద్దాయన అరుగు మీద కూర్చుని బోండాం నీళ్లు తాగారు. వంటింట్లోంచి పనసపొట్టు కూర పోపు వాసన వస్తోంది. సతీష్‌కి ఇక దాచాలనిపించలేదు. దగ్గరికెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"క్షమించండి సార్. ఇది వేదిక దగ్గరికి వెళ్లాలండి. దారి తప్పింది. దీనికోసం ల్యాబుని సైకిల్ స్టాండు చేసెయ్యకండి."

"తప్పిందా?" పెద్దాయన ఆశ్చర్యపోయారు. "ఎన్నో కాలేజీలు చూశాం బాబూ. అన్నిచోట్లా ఎండలో నిలబెట్టి ఉపన్యాసాలు చెప్పారు. ఆకలి కనిపెట్టి తిన్నగా భోజనాల దగ్గరికి తీసుకొచ్చింది ఇదొక్కటే. ల్యాబు జోలికి ఎవరూ వెళ్లకండి."

సతీష్‌కి కళ్లు చెమర్చాయి. కామరాజు గారు గొంతు సవరించుకుని, బండి రూపకల్పనలో తన ప్రోత్సాహం గురించి చెప్పడం మొదలెట్టారు.

గేటు నుంచి వేదిక దాకా సతీష్ గీసిన గీత మాత్రం వానలొచ్చేదాకా చెక్కుచెదరలేదు, దాని మీద ఎవరూ నడవలేదు కదా.