మోకాలు దాటని తూటా

"మన పోలీసు తూటాకి చట్టమంటే భక్తి. మోకాలు దాటి ఒక్క అంగుళం పైకి లేవదు!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. ఇంత క్రమశిక్షణ గల తూటాలు ఏ ప్రభుత్వానికి దొరుకుతాయని పేపర్లన్నీ పొగిడాయి.

చిక్కల్లా పెద్దాసుపత్రి రికార్డు గుమాస్తాకి వచ్చిపడింది. ఊరేగింపు మీద కాల్పులు జరిగి పదకొండుమంది చేరారు. మోకాలి కింద తగిలింది ఒక్కడికే. వాడూ గోడ దూకుతూ గాల్లో ఉన్నాడట.

"సార్, ఇతనికి వీపులో తగిలిందండి."

సూపరింటెండెంటుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడని రాయి."

"చెవికి తగిలినాయనో?"

"శీర్షాసనం."

"చెవులవాళ్లు ముగ్గురండి."

"యోగా క్లబ్బు."

ఇంతలో మంత్రిగారి పేషీ నుంచి ఫోను: ఆసనాలు రాస్తే అసెంబ్లీలో నవ్వుతారు, గాయాలన్నీ మోకాలికే అని రాసెయ్యండి! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం వట్టి సామెత అనుకున్నాడు గుమాస్తా ఇన్నాళ్లూ. అది ఆఫీసు ఆర్డరని ఆ పూటే తెలిసింది.

పదకొండోవాడు గుమాస్తా సొంత బావమరిది, దర్జీ. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కుడి భుజంలో దిగింది తూటా.

"బావా, ఇవాళే తియ్యకపోతే చెయ్యి పోతుందట. నీ కలం కాస్త పైకి జరుపు!"

"జరిపితే నా ఉద్యోగం ఊడుతుందిరా."

"సరే, అక్కతో చెబుతా."

గుమాస్తా గబగబా 'భుజం' అని రాశాడు. సూపరింటెండెంటుగారు అంతకన్నా గబగబా ఎర్రసిరాతో కొట్టేసి 'మోకాలు' అని దిద్ది, సంతకం పెట్టారు.

ఆపరేషన్ గదిలో సర్జనుగారు కాగితం చూసి మోకాలు కోశారు.

"అయ్యా, నెత్తురు భుజంలోంచి కదండీ కారేది!" గుమాస్తా గుమ్మంలోంచి మొత్తుకున్నాడు.

"కాగితంలో లేని నెత్తురుకి నేను బాధ్యుణ్ణి కానయ్యా."

గంటసేపు వెతికినా మోకాల్లో తూటా లేదు. ప్రభుత్వ తూటా ఎంత సున్నితమో చూడమని, అదీ రిపోర్టుకెక్కింది.

మర్నాడు మంత్రిగారు ఫొటోగ్రాఫర్లతో దిగారు. కాలికి కట్టుతో పడుకున్న దర్జీని చూసి పొంగిపోయారు. "మోకాలే! నేను చెప్పలా? శభాష్!" అంటూ కుడి భుజం మీద గట్టిగా తట్టారు.

దర్జీ పెట్టిన కేకకి పక్క వార్డులో రోగులు లేచి కూర్చున్నారు. మంత్రిగారికి కళ్లు చెమర్చాయి. "ప్రజలకి నేనంటే ఎంత అభిమానం!"

మరుసటి రోజు పేపర్లో మొదటి పేజీలోనే ఫొటో వేశారు. కింద, 'మంత్రిగారికి జేజేలు పలుకుతున్న క్షతగాత్రుడు'.

మధ్యాహ్నం గుమాస్తా భోజనానికి కూర్చుంటే, భార్య అన్నానికి బదులు ఆ పేపరే మడిచి కంచంలో పెట్టింది. ఫొటోలో జేజేలకి లేచింది ఎడమచెయ్యి ఒక్కటే.