అభిమానుల ఖాతాలు

నీటి సరఫరా సంస్థ డైరెక్టరుగారిని ప్రజలు ఎంతగానో అభిమానిస్తున్నారు. ఆ సంగతి ప్రజలకింకా తెలియదు కాబట్టి, వారి తరఫున పాలకమండలికి ఈమెయిళ్ళు పంపే భారాన్ని ఆయనే నెత్తికెత్తుకున్నారు.

పని మాత్రం కంప్యూటర్లు చూసే ఆవిడ మీద పడింది. ఆఫీసులో అందరూ ఆమెను సర్వరమ్మ అంటారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు గనుక సర్వరమ్మకు నీతి నియమాలు సెలవు రోజుల్లోనే గుర్తొస్తాయి. కృతజ్ఞురాలైన గృహిణికొకటి, రిటైరైన మేష్టారికొకటి, యువజన సంఘానికొకటి ఖాతాలు తెరిచి, ఎవరి మెయిలు వారి ఖాతా గుండానే బయటికి పోయేలా ఆఫీసు సర్వరును సిద్ధం చేసింది.

డైరెక్టరుగారు చూసి మొహం చిట్లించారు.

"ఇన్ని ఖాతాలు, ఇన్ని పాస్‌వర్డులు ఎందుకమ్మా? అన్నీ నా ఖాతాలోంచే పంపెయ్."

"అప్పుడు 'పంపినవారు' అన్నచోట మీ పేరే పడుతుంది సార్."

"పడనీ. మంచిపనికి పేరు పడితే తప్పేంటి?"

చెప్పినట్టే చేసింది. 'మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడ్డాం' అన్న గృహిణీ, 'నా జన్మలో ఇలాంటి అధికారిని చూడలేదు' అన్న మేష్టారూ, జేజేలు పలికిన యువజన సంఘమూ, అందరూ డైరెక్టరుగారి పేరుతోనే పాలకమండలికి చేరారు. డైరెక్టరుగారికీ, సర్వరమ్మకూ వెంటనే రమ్మని కబురొచ్చింది.

పాలకమండలి అధ్యక్షులవారు ఆ మెయిళ్ళన్నీ చదివి, కళ్ళజోడు తీసి, గంభీరంగా సెలవిచ్చారు. "ప్రజల గొంతే తన గొంతుగా మాట్లాడే అధికారులుంటారని విన్నాం. ఈయన ఇంకో అడుగు ముందుకేసి, ప్రజలకు మాట్లాడే శ్రమే లేకుండా చేశారు."

చప్పట్లు మోగాయి. డైరెక్టరుగారికి పతకం ఇచ్చారు. సర్వరమ్మను పర్మనెంటు చేశారు. బయటికి వస్తుంటే అధ్యక్షులవారు ఆమెను పక్కకు పిలిచారు. "నాక్కూడా కొంతమంది అభిమానులు కావాలమ్మా. నావాళ్ళు మాత్రం విడివిడిగా, ఎవరి ఖాతాలోంచి వాళ్ళే రాయాలి."

ఆ ఎండాకాలం సర్వరమ్మ అత్తగారి వీధిలో కుళాయిలు ఎండిపోయాయి. అత్తగారు తన పేరుతో, తన ఖాతాలోంచి ఫిర్యాదు పంపారు. 'ఒక్కరి మాట ప్రజాభిప్రాయం కాజాలదు' అని జవాబొచ్చింది.

"ఒక్కదాన్నైతే మనిషిని కానా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

కోడలు మర్నాడు ఆఫీసుకెళ్ళి ఆ వీధికి ఒక డాక్టరునీ, ఒక లాయరునీ, ఒక మహిళా సమాజాన్నీ పుట్టించి, వాళ్ళచేత ఫిర్యాదులు పంపించింది. వారం తిరక్కుండా నీళ్ళొచ్చాయి. నీళ్ళు వదలడానికొచ్చిన మనిషి, ఎవరెవరు రాశారో వీధి వీధంతా చెప్పాడు.

"మన మధ్య ఇంత బాధ్యత గలవాళ్ళున్నారని తెలీదు సుమా" అని అందరూ మురిసిపోయారు. ఆ డాక్టరు ఏ ఇంట్లో ఉంటాడని ఒక్కరూ అడగలేదు. "మళ్ళీ ఆగితే మళ్ళీ వాళ్ళే రాస్తార్లే" అని బిందెలు నింపుకుని, ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు.