సత్తార్ కుట్టిన గరుడ ప్యాంటు

ఆ ఆదివారం పొద్దున దర్జీ సత్తార్ ఒక ఆలోచన చేసుకున్నాడు. తహసీల్దారు సఫారీకి గుండీలు కుట్టేసి, పదకొండింటి బస్సుకు భార్య రఫియాను పోచారం చెరువుకు తీసుకుపోవాలి. పెళ్లయి ఆరేళ్లయినా ఆమె ఆ నీళ్లు చూడలేదు. అయితే ఎల్లారెడ్డి బజారులో అతని దుకాణానికి గోడ పక్కనే మంగవ్వ ఇల్లు, ఆ ఇంట్లో టీవీ ఉన్నాయి. తొమ్మిదింటికి బొంబాయిలో తీసిన ‘గరుడ వీరుడు’ సీరియల్ మొదలయ్యేసరికి వాకిట్లో జనం చేరారు. సత్తార్ కూడా సూదీ దారంతోనే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

గరుడ వీరుడు బొమ్మల పుస్తకంలోంచి టీవీలోకి వచ్చినవాడు. మేడ మీంచి దూకి, నేల మీద పడేలోగా ఏడుగురిని తంతాడు. మంగవ్వ తెరకు దండం పెట్టింది. హైస్కూలు డ్రిల్లు సారు దేవయ్య ఒక్కొక్క తన్నుకూ పేరు చెప్పి, అవన్నీ తనకూ వచ్చన్నాడు. సత్తార్ కళ్లు మాత్రం వీరుడి ఎర్ర ప్యాంటు మీద ఆగిపోయాయి.

“పుస్తకంల వదులు పైజామా ఉండె. ఈ టీవీవోళ్లు బిగుతు ప్యాంటేసిండ్రు. గంత పైకి కాలు లేపితే నడిమిట్ల చినుగుతది,” అన్నాడు.

దేవయ్యకు తననే అన్నంత రోషం వచ్చింది. “నీకు కుట్టొస్తలేదని చెప్పు సత్తార్ భాయ్. గసొంటిదే కుట్టియ్యి. ఏసుకొని నేను తంత.”

వచ్చే ఆదివారం, హైస్కూలు గ్రౌండులో అని మాట ఖాయమైంది. ఈలోగా పోచారం బస్సు పోయింది.

బుధవారానికి ఎర్ర ప్యాంటు దుకాణంలో వేలాడింది. బస్సు దిగిన బిచ్కుంద ఆసామి ఒకడు అది ఎవరిదని అడిగితే, సత్తార్ పని మీదుండి గరుడ వీరుడిదని చెప్పాడు. శుక్రవారానికి బిచ్కుందలో గరుడ వీరుడు ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టించుకుంటాడని తేలింది. మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ చేరేసరికి ఆ మాట మరాఠీలోకి మారి, ఆదివారం ఆయన స్వయంగా వస్తున్నాడయింది.

శనివారం రఫియా ప్యాంటును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ లాగి చూసింది. “ఇది చినిగితే నీ మాట గెలుస్తది, నీ కుట్టు పోతది. చినగకుంటే కుట్టు గెలుస్తది, మాట పోతది. ఏది కావాలె నీకు?”

సత్తార్ ప్యాంటును మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. కాళ్ల మధ్య అదనపు గుడ్డముక్క వేసి, మూడు వరసల కుట్టు వేశాడు. మాటలు అందరూ అంటారు, కుట్టు తనొక్కడిదే అనుకున్నాడు.

ఆదివారం గ్రౌండు నిండిపోయింది. గరుడ వీరుడికి బదులు బట్టతల దేవయ్య సారు రావడంతో జనం గొణిగారు. ఆయన ఎదుట తలెత్తున కుండ వేలాడదీసి ఉంది. సారు కళ్లు మూసుకుని కాలు విసిరాడు. కుండ పగిలింది. ప్యాంటు చెక్కుచెదరలేదు. సారు మాత్రం కూలబడి లేవలేదు. తొడ కండరం పట్టేసింది.

ఆస్పత్రికి మోసుకుపోయేసరికి కాలు వాచిపోయి ప్యాంటు ఊడలేదు. కాంపౌండరు మొద్దు కత్తెర పెడితే ఆ మూడు వరసలు తెగలేదు. దాంతో సత్తార్‌ను పిలిపించారు. తన చేతి కుట్టును తనే, ఒక్కొక్క పోగూ, కన్నీళ్లతో విప్పాడు. వార్డు పనిమనిషి యాదవ్వ రెండుగా విడిపోయిన ఆ ప్యాంటును పట్టుకుని బయటికి వచ్చింది.

బయట మద్నూర్ బస్సు అప్పుడే ఆగింది. దిగినవాళ్లు చూసింది అంతే. చినిగిందన్న మాట క్షణంలో ఊరంతా పాకింది. కళ్లారా కుండ పగలడం చూసినవాళ్లు కూడా అవునవును, చినిగిందన్నారు. మంగవ్వ వచ్చి సత్తార్ భుజం తట్టింది. “నువ్వన్న మాటే నిజమాయె బిడ్డా.”

“చినగలేదవ్వా. నేనే విప్పిన.”

“పోనీలే, నీ తప్పు నువ్వే ఒప్పుకున్నవు,” అంది ఆమె జాలిగా.

సాయంత్రం తహసీల్దారు మనిషి వచ్చి, చినిగే కుట్టు వద్దని సఫారీని, మిగిలిన గుడ్డముక్కలతో సహా పట్టుకుపోయాడు.

తర్వాతి ఆదివారం టీవీలో గరుడ వీరుడి కాలు ఇంటి కప్పుదాకా లేచింది, ప్యాంటు చినగలేదు. వాకిట్లోని జనమంతా గుమ్మంలోని సత్తార్ వైపు తిరిగి, బొంబాయి కుట్టు బొంబాయి కుట్టేనన్నారు.